జమ ఈ ఒడ్డున, ఖర్చు ఆ ఒడ్డున

శుక్రవారం నమాజు ముగిసి, మసీదు అరుగు మీద నలుగురు కూడినప్పుడు రెంటచింతలలో ఈ మధ్య తరచుగా వినబడుతున్న ప్రశ్న ఒకటి ఉంది. "కృష్ణ దాటిపోతే బతుకు చవకా? ఇక్కడే ఉంటే చవకా?" ఆటో నడిపే యువకులు అడుగుతున్నారు, తాపీ పనికి పోయేవారు అడుగుతున్నారు. కొడుకును హైదరాబాదు పంపి ఇంట్లో ఒంటరిగా మిగిలిన తల్లులు మనుమల చేత అడిగిస్తున్నారు. సమాధానాలు చెప్పేవారికి కొదవ లేదు. ఒక పార్టీని అభిమానించేవారి ఫోనులో తెలంగాణ స్వర్గం. మరొక పార్టీ వారి ఫోనులో ఆంధ్రప్రదేశ్ స్వర్గం. ఇల్లు కదిలించాలా వద్దా అని తేల్చుకోవలసిన పేదవాడికి మాత్రం ఆ రెండు స్వర్గాలూ అక్కరకు రావు. అందువలన ఈ నెల మేము ఉపన్యాసం పక్కన పెట్టి లెక్క వేయదలచుకున్నాము.

మన పల్నాటికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1956 నవంబరు 1వ తేదీకి ముందు కృష్ణకు ఇవతల మొదట మద్రాసు రాష్ట్రం, 1953 నుండి ఆంధ్ర రాష్ట్రం. అవతల నల్లగొండ, నిజాం ఏలిన హైదరాబాదు రాజ్యంలోనిది. నిజాం కాలంలో ఇవతల చెల్లేది కల్దారు రూపాయి, అవతల చెల్లేది హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు సుమారుగా ఆరు కల్దారు రూపాయలకు సమానం. సంతకు పోయినవాడు సరుకు ధరతో పాటు నాణెం మారకం కూడా లెక్క చూసుకొనేవాడు. తరువాత 58 ఏళ్లు ఆ హద్దు లేకుండా పోయింది. మాచర్ల అమ్మాయి మిర్యాలగూడ కోడలైతే రాష్ట్రం మారినట్టు ఎవరికీ తోచలేదు. 2014 జూన్ 2న హద్దు తిరిగి వచ్చింది. నాడు నాణేలు రెండు. నేడు నాణెం ఒకటే గాని కార్డులు రెండు. ఈ భేదం అర్థమైతే తక్కిన లెక్క అంతా అర్థమవుతుంది.

తూకంలో మోసం చేసేవారి గురించి ఖుర్ఆనులో ఒక అధ్యాయమే ఉన్న సంగతి మన పాఠకులకు తెలియనిది కాదు. పుచ్చుకునేటప్పుడు ఒక కొలత, ఇచ్చేటప్పుడు మరొక కొలత పెట్టడం ఎంత తప్పో, ఒక రాష్ట్రాన్ని మెచ్చేటప్పుడు ఒక కొలత, మరొక రాష్ట్రాన్ని కొలిచేటప్పుడు మరొక కొలత పట్టడమూ అంతే తప్పు. కనుక రెండు ఒడ్లకూ ఒకే గిన్నెతో కొలుద్దాము.

కేంద్ర గణాంక శాఖ 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే మొదటి ఆధారం. ఉచితంగా అందిన సరుకుల విలువ కలపకుండా చూస్తే, ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో ఒక్కొక్కరి సగటు నెలసరి ఖర్చు 5,327 రూపాయలు. తెలంగాణ గ్రామాలలో 5,435 రూపాయలు. తేడా 108 రూపాయలు మాత్రమే. పట్టణాలలో మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో 7,182, తెలంగాణలో 8,978. ఇక్కడ తేడా 1,796 రూపాయలు. ఇవి ధరలు కావు, జనం పెట్టిన ఖర్చులు. ఎక్కువ ఖర్చు పెట్టినవాడు ఎక్కువ తిని ఉండవచ్చు, ఎక్కువ అద్దె కట్టి ఉండవచ్చు. అయినా ఒక సంగతి తేటతెల్లం. పల్లెకూ పల్లెకూ నది వలన పెద్ద భేదం ఏర్పడలేదు. ఉపాధి హామీ కూలి కూడా 2025-26కు రెండు రాష్ట్రాలలోనూ రోజుకు 307 రూపాయలే.

అయితే రెంటచింతల నుండి నల్లగొండ పల్లెకు కాపురం మార్చేవారు ఎందరు? పోయేవారు పోయేది హైదరాబాదుకు. కాబట్టి మనం పోల్చవలసినది ఈ పల్లెను ఆ పల్లెతో కాదు, ఈ పల్లెను ఆ పట్టణంతో. అప్పుడు తేడా తలకు 3,651 రూపాయలు. నలుగురు ఉన్న ఇంటికి నెలకు 14,604 రూపాయలు. హైదరాబాదులో కూలి ఎక్కువ దొరుకుతుందని బయలుదేరే ప్రతి కుటుంబం ముందుగా ఈ అంకెను కాగితం మీద రాసుకోవాలి. పెరిగే సంపాదన దీనిని దాటకపోతే వలస వలన మిగిలేది అలసటే.

ఇప్పుడు ప్రభుత్వాల చేతిలో ఉన్న అంశాలకు వద్దాము. పెట్రోలుపై తెలంగాణ 35.20 శాతం వ్యాట్ వేస్తున్నది. ఆంధ్రప్రదేశ్ 31 శాతమే వేస్తున్నది గాని, దానిపై లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, మరో రూపాయి రోడ్ల సెస్సు కలుపుతున్నది. శాతం చూస్తే మనది తక్కువ, బంకు దగ్గర మనదే ఎక్కువ. లీటరుకు సుమారు రెండు రూపాయల తేడా. పొందుగుల వంతెన దాటి వాడపల్లి వైపు పోయే లారీ అక్కడ ట్యాంకు నింపుకోవడంలో వింత లేదు. వంతెన దాటే పని లేని మన ఆటోవాలా మాత్రం ఆ రెండు రూపాయలూ ప్రతి లీటరుకూ కట్టవలసిందే.

తరువాత కరెంటు. ఎండలకు పేరుపడిన ఊరు మనది. వైశాఖం, జ్యేష్ఠం నెలలలో ఫ్యాను గాని కూలరు గాని లేకుండా చంటిపిల్లలతో, వృద్ధులతో రాత్రి గడపడం సాధ్యం కాదు. అటువంటి ఇల్లు నెలకు 200 యూనిట్లు వాడిందనుకుందాము. ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున 57 రూపాయలు, తరువాతి 45కు 3 చొప్పున 135, ఆ పై 50కి 4.50 చొప్పున 225, మిగిలిన 75కు 6 చొప్పున 450. మొత్తం 867 రూపాయలు. స్థిర ఛార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు దీనికి అదనం. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న ఇంటికి 2024 మార్చి నుండి గృహజ్యోతి కింద ఇదే వాడకానికి బిల్లు సున్నా. మన రాష్ట్రంలో దళిత, గిరిజన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితం ఉంది. అది న్యాయమైన సదుపాయం, దానిపై మాకు అసూయ లేదు. అదే వీధిలో, అదే రేకుల ఇంట్లో, అదే కూలితో బతికే దూదేకుల, షేక్ కుటుంబాలకు కూడా దానిని విస్తరింపజేయాలన్నదే మా కోరిక.

పింఛనులో తక్కెడ ఇటు మొగ్గుతుంది. 2024 జూలై 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు అందుతున్నాయి. తెలంగాణ ఆసరా పింఛను 2,016 రూపాయలు. దివ్యాంగులకు ఇక్కడ 6,000, అక్కడ 4,016. వృద్ధాప్య పింఛనుకు అర్హత వయస్సు ఇక్కడ 60, అక్కడ 57. బియ్యంలో మళ్లీ అటు మొగ్గు. నదికి ఆవలనున్న హుజూర్‌నగర్‌లో 2025 ఉగాది నాడు ప్రారంభించిన పథకం ప్రకారం తెలంగాణలో తలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం. ఇక్కడ తలకు 5 కిలోలు. గ్యాసులో రెండు వైపులా దాదాపు సమానమే. ఇక్కడ దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, అక్కడ సిలిండరు 500 రూపాయలు. ఏడాదికి ఆరు వాడే ఇంటికి లెక్క కొద్ది వందల తేడాతో తేలిపోతుంది. ఆడవారి ఉచిత బస్సు ప్రయాణం అక్కడ 2023 డిసెంబరు 9న, ఇక్కడ స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలయింది. వైద్యంలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో అక్కడ 10 లక్షలకు, ఇక్కడ 25 లక్షలకు పెరిగింది.

చదువు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2025 జూన్ నుండి తల్లికి వందనం కింద బడికి పోయే ప్రతి బిడ్డకూ 15,000 రూపాయలు కేటాయిస్తున్నది. అందులో 13,000 తల్లి ఖాతాకు చేరుతున్నాయి. తెలంగాణ డబ్బుకు బదులు బడిలో చోటు ఇచ్చింది. 2016 నుండి అక్కడ నెలకొన్న 204 మైనారిటీ గురుకులాలలో భోజనం, వసతి, పుస్తకాలు, బట్టలు సర్కారువే. ఆడపిల్లను ఎనిమిదో తరగతితో మాన్పించే అలవాటు ఇంకా పోని మన ఇళ్లలో ఒక హాస్టలు సీటు విలువ 13,000 రూపాయలతో తూగేది కాదు. పల్నాడు జిల్లాలో మన ఆడపిల్లల కోసం అటువంటి గురుకులాలను తగినన్ని నెలకొల్పమని అడగడంలో మనం ఆలస్యం చేశామన్నది మా అభిప్రాయం. ఇమాములకు ఇక్కడ 10,000, మౌజన్లకు 5,000 గౌరవ వేతనం. అక్కడ ఇద్దరికీ 5,000. రెండు చోట్లా సకాలంలో చేతికి అందితేనే ఆ అంకెలకు విలువ.

ఈ అంశాలను ఒక ఇంటికి వర్తింపజేసి చూద్దాము. అరవై అయిదేళ్ల వితంతు తల్లి, కొడుకు, కోడలు, బడికి పోయే ఒక బిడ్డ. రెంటచింతలలో ఈ ఇంటికి పింఛను 4,000, బిడ్డ చదువు సొమ్ము నెలకు పంచితే 1,083. కరెంటు 867 తీసివేస్తే నికరంగా 4,216 రూపాయల ఆసరా. ఇదే ఇల్లు తెలంగాణ కార్డుతో నదికి అవతల ఉంటే పింఛను 2,016, కరెంటు బిల్లు లేదు, బియ్యం నాలుగు కిలోలు అదనం. ఇంట పెద్ద ప్రాణం ఉంటే ఇవతలి ఒడ్డు మేలు. పెద్దలు, బడి పిల్లలు లేని కొత్త జంటకు కరెంటు, బియ్యం దృష్ట్యా అవతలి ఒడ్డు మేలు. గురుకులంలో సీటు దొరికిన ఆడపిల్ల ఉన్న ఇంటికి లెక్క మళ్లీ మారుతుంది. ఏ రాష్ట్రం చవక అన్న ప్రశ్నకు ఒకే మాటలో జవాబు లేదు. ఆ ఇంట్లో ఎవరెవరున్నారన్నదే జవాబు.

అసలు బాధ ఇక్కడ లేదు. ఈ ఒడ్డున స్థిరంగా ఉన్నవారికి ఈ ఒడ్డు జమ దక్కుతున్నది. ఆ ఒడ్డున ఉన్నవారికి ఆ ఒడ్డు జమ దక్కుతున్నది. కార్డు ఈ ఒడ్డున, కాపురం ఆ ఒడ్డున ఉన్నవారికి ఏది దక్కుతున్నది? పైన చెప్పిన నలుగురి ఇల్లు రెంటచింతల కార్డుతోనే హైదరాబాదు పోయి అద్దెకు దిగిందనుకోండి. గృహజ్యోతి అద్దె ఇళ్లకూ వర్తిస్తుంది గాని తెలంగాణ కార్డు కావాలి. కనుక కరెంటు బిల్లు కట్టాలి. బిడ్డ అక్కడి బడిలో చేరితే తల్లికి వందనం రాదు. మహాలక్ష్మి బస్సులో కోడలు ఆధార్ చూపితే ఆంధ్రప్రదేశ్ చిరునామా అడ్డం వస్తుంది, టికెట్టు కొనాలి. ఆడబిడ్డ పెళ్లి కుదిరితే షాదీ ముబారక్ కింద తెలంగాణ ఇచ్చే 1,00,116 రూపాయలు ఆ రాష్ట్ర నివాసి అయిన వధువుకే. ఈ ఒడ్డు జమ పోయింది, ఆ ఒడ్డు జమ రాలేదు. ఖర్చు మాత్రం తలకు 3,651 చొప్పున పెరిగింది.

మా ఎరుకలోని ఒక వృద్ధ తల్లి కథ ఇదే. కొడుకు దగ్గర హైదరాబాదులో ఉంటుంది. ఒకటో తేదీ వచ్చేసరికి పింఛను కోసం ఊరు చేరుతుంది. రాష్ట్రం దాటే బస్సుకు స్త్రీశక్తి వర్తించదు, రానూ పోనూ టికెట్టు కొనవలసిందే. ఒక నెల వేలిముద్ర పడలేదు. మూడు రోజులు బంధువుల ఇంట ఉండి, నాలుగోనాడు సొమ్ము చేతికి వచ్చాక తిరిగి బస్సెక్కింది. "నాలుగు వేలలో నాకు మిగిలేది ఎంతో లెక్క చెప్పండి సాబ్, మీరు దఫ్తరులో పనిచేసినవారు కదా" అని ఆమె అడిగింది. ఛార్జీలు, దారి ఖర్చులు, ఆమెకు తోడు వచ్చిన మనుమడు పోగొట్టుకున్న కూలి తీసివేసి మేము చెప్పిన అంకె విని ఆమె మరేమీ మాట్లాడలేదు.

హద్దును దాటడం అసాధ్యమైన పనేమీ కాదు. 2019 ఆగస్టు 9న ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పద్ధతిని రాష్ట్రాల మధ్య ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న రెండు జంటలలో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండవది గుజరాత్, మహారాష్ట్ర. నాటి నుండి కేంద్ర ఆహార భద్రతా చట్టం పరిధిలోని కార్డుదారుడు నదికి ఏ ఒడ్డున ఉన్నా చౌక ధరల దుకాణంలో వేలిముద్ర వేసి తన వంతు బియ్యం తీసుకోగలుగుతున్నాడు. బియ్యం నది దాటిన దారిలో పింఛను ఎందుకు దాటరాదు? వేలిముద్రను గుర్తించే యంత్రం అదే, ఆధార్ సంఖ్య అదే, రూపాయి అదే.

2024 జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాదు ప్రజాభవన్‌లో సమావేశమై విభజన సమస్యలను చర్చించారు. ఆస్తుల పంపకం, బకాయిల లెక్కలు ముఖ్యమైనవే. వాటితో పాటు రెండు రాష్ట్రాల మధ్య నలిగిపోతున్న కూలి కుటుంబాల లెక్క కూడా ఆ బల్ల మీదికి రావాలి. మా విన్నపాలు నాలుగు. ఒకటి, వేరొక రాష్ట్రంలో బిడ్డల దగ్గర ఉంటున్న వృద్ధులకు, వితంతువులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛనును బ్యాంకు ఖాతాకు జమ చేసే వెసులుబాటు కల్పించాలి. ఏడాదికి ఒకసారి జీవన ధ్రువపత్రం తీసుకుంటే చాలు, విశ్రాంత ఉద్యోగులకు అమలవుతున్న పద్ధతి ఇదే. రెండు, తెలంగాణలో వరుసగా ఆరు నెలలు రేషన్ తీసుకున్న పొరుగు రాష్ట్ర కార్డుదారుడిని ఆ ప్రభుత్వం కరెంటు, బస్సు సదుపాయాలకు నివాసిగా గుర్తించాలి. ఇక్కడ ఉంటున్న తెలంగాణ కుటుంబాల పట్ల మన ప్రభుత్వమూ అలాగే నడుచుకోవాలి. మూడు, కార్డును ఒక రాష్ట్రంలో రద్దు చేసుకొని మరొక రాష్ట్రంలో పొందే పనిని ఒకే దరఖాస్తుతో ముగించాలి. ఇక్కడ రద్దయి అక్కడ మంజూరు కాని నెలలలో ఆకలికి పూచీ ఎవరిది? నాలుగు, అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది, ఈ-శ్రమ్ నమోదు 2021 నుండి ఉంది. ఆ నమోదును ఆధారం చేసుకొని మాచర్ల, మిర్యాలగూడ వంటి సరిహద్దు పట్టణాలలో సహాయ కేంద్రాలు తెరవాలి.

ప్రభుత్వాలకు చెప్పినట్లే మనవారికీ కొన్ని మాటలు చెప్పక తప్పదు. రెండు వైపులా రెండు కార్డులు పెట్టుకుంటే సరిపోతుందని చెవిలో ఊదేవారు ఉన్నారు. అది నేరం. మన ధర్మం దృష్టిలో అమానతుకు ద్రోహం. ఆధార్ కలిసిన నాడు రెండూ పోతాయి. ఆ ఉచ్చులో పడవద్దు.

పిల్లల చదువు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. విభజన చట్టంలోని 95వ సెక్షను పదేళ్ల పాటు ఉన్నత విద్యా ప్రవేశాలలో పాత పద్ధతిని కాపాడింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. వైద్య విద్యలో స్థానికతకు తొమ్మిదో తరగతి నుండి ఇంటరు వరకు నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలన్న ఆ రాష్ట్ర నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2007 చట్టం ద్వారా వచ్చిన బీసీ-ఈ నాలుగు శాతం రిజర్వేషను రెండు రాష్ట్రాలలోనూ నడుస్తున్నది గాని, ఒక రాష్ట్ర ధ్రువపత్రం మరొక రాష్ట్రంలో చెల్లదు. తొమ్మిదిలో అటు, పదిలో ఇటు, ఇంటరులో మళ్లీ అటు తిప్పిన బిడ్డ రెండు చోట్లా స్థానికేతరుడై నిలిచే ప్రమాదం ఉంది. నెలకు రెండు మూడు వేలు మిగులుతాయని ఎనిమిదో తరగతి తరువాత ఇల్లు కదిలించే తండ్రి, ఆ మిగులుకు బదులుగా ఒక సీటును పోగొట్టుకోవచ్చునని గ్రహించాలి. కదలదలచినవారు ఎనిమిదో తరగతి లోపే కదలాలి, లేదా ఇంటరు పూర్తయ్యే వరకు ఆగాలి.

మసీదు కమిటీలు చేయగలిగిన చిన్న పని ఒకటి ఉంది. తమ మొహల్లా నుండి హైదరాబాదు పోయిన ప్రతి కుటుంబం వివరాలు ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. కార్డు ఎక్కడుంది, పింఛనుదారు ఎవరు, పిల్లలు ఏ తరగతి, ఏ రాష్ట్రం. ఈ నాలుగు గడులు చాలు. రేపు కలెక్టరు గారి ముందు గాని శాసనసభ్యుల ముందు గాని మాట్లాడవలసి వచ్చినప్పుడు "చాలామంది ఇబ్బంది పడుతున్నారు" అన్న మాటకు ఏ ఫైలులోనూ చోటు ఉండదు. "మా ఊరి నుండి ఇన్ని ఇళ్లు, ఇంతమంది వృద్ధులు, ఇంతమంది పిల్లలు" అన్న కాగితాన్ని త్రోసిపుచ్చడం కష్టం. రంజాను జకాతులో ఒక భాగాన్ని వలస కుటుంబాలలో చదువు ఆగిపోయే ఆడపిల్లల కోసం విడిగా కేటాయించాలని కూడా మా మనవి.

ఇల్లు ఎక్కడ ఉండాలో ఎవరి ఇంటివారు వారే నిర్ణయించుకోవాలి. మేము చెప్పగలిగేది, ఫోనులో వచ్చిన మాట నమ్మి మూట కట్టవద్దని మాత్రమే. ముందు ఇంట్లో ఉన్న తలలు లెక్కపెట్టండి, ఎవరి పేరున ఏ జమ వస్తున్నదో రాయండి, అక్కడికి పోతే ఏది ఆగిపోతుందో దాని పక్కన రాయండి. ఆ కాగితానికి ఒక నకలు మీ మసీదు కమిటీకి ఇవ్వండి. వచ్చే సంచిక నాటికి పల్నాడు ఊళ్ల నుండి అందిన లెక్కలను కూర్చి, ఇద్దరు ముఖ్యమంత్రులకూ మన పత్రిక తరఫున విన్నపం పంపుతాము. ఆ వృద్ధ తల్లి అడిగిన లెక్కకు జవాబు చెప్పవలసినవారు వారు.